ఆ సూదితోనే తగ్గిందా?

మొన్న బతుకమ్మకి సూర్యాపేట వెళ్లినప్పుడు మా వదిన బీరువాలోంచి నాలుగు బంగారు గాజులు తెచ్చి మంచం మీద నా పక్కన పెట్టింది. "నీకు నయమైంది గదా. ఇవి అమ్మి ఆ సూది నాకు గూడ ఇప్పియ్యి" అంది. ఆ సూది అంటే, నడుము నొప్పికి రెండేళ్ల కిందట నేను వేయించుకున్న స్టెమ్ సెల్స్ (కొత్త కణాల్ని పుట్టించే మూలకణాలు) సూది. వదినకి మూడేళ్లుగా నడుము నొప్పి. పొద్దున లేచి మంచం దిగాలంటే గోడ పట్టుకోవాలి. ఆమెతో సరే అనలేకపోయాను, వద్దు అని కూడా అనలేకపోయాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇలా అడిగినవాళ్లలో వదిన మొదటి మనిషి కాదు. మా ప్రెస్సులో బైండింగ్ చేసే ఆయన, మా పై పోర్షన్ ఆంటీ, ఇంకా ఫోన్ నంబరు ఎవరిదగ్గరో తీసుకుని చేసినవాళ్లు. అందరిదీ ఒకటే మాట: "మీకు తగ్గిందట కదా, ఎక్కడ చేయించుకున్నారు?" మొదట్లో సంతోషంగా అడ్రస్ చెప్పేదాన్ని. అలా చెప్పిన ఇద్దరిలో ఒకాయన వెళ్లి డబ్బు కట్టారు. ఆయనకి తగ్గలేదు. ఇప్పటికీ ఆయన ఎదురైతే నాకు మాట రాదు. అందుకే జరిగింది జరిగినట్టు మొత్తం ఒకచోట రాస్తున్నాను.

నేను నారాయణగూడలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో 19 ఏళ్లుగా డీటీపీ, అంటే కంప్యూటర్ మీద అక్షరాలు కూర్చే పని, చేస్తున్నాను. శుభలేఖలు, కరపత్రాలు, గైడ్లు, దశదినకర్మ కార్డులు. మాఘ, ఫాల్గుణ మాసాల్లో ముహూర్తాలుంటే రాత్రి పది దాకా కుర్చీలోంచి లేచే పని ఉండదు. మూడేళ్ల కిందట అలాంటి ఒక మాఘంలో, కింద పడిన ప్రూఫ్ కాగితం తీద్దామని వంగాను. నడుములో ఏదో పట్టేసినట్టయింది. ఇక లేవలేకపోయాను. ఇద్దరు పట్టుకుని బల్ల మీద పడుకోబెట్టారు.

ఆ తర్వాత నెలల తరబడి ఒకటే వరస. నిలబడితే కాస్త నయం, కూర్చుంటే నరకం. చైతన్యపురిలో మెట్రో ఎక్కితే సీటు ఖాళీగా ఉన్నా కూర్చునేదాన్ని కాదు. ఎంజీబీఎస్‌లో మారి నారాయణగూడలో దిగేదాకా కమ్మీ పట్టుకుని నిలబడే వెళ్లేదాన్ని. కూర్చుని చేసే పనే నా బతుకుతెరువు. ఇరవై నిమిషాలు కూర్చోలేని మనిషి డీటీపీ ఎలా చేస్తుంది? ఆ టెన్షన్ నొప్పి కన్నా ఎక్కువ బాధపెట్టింది.

ఎమ్మారై తీయించాను. డాక్టరు గారు ఫిల్మును లైట్ బాక్సుకి తగిలించి చూపించారు. వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండే బిళ్లల్ని డిస్కులంటారు. పై డిస్కులన్నీ లేత కొబ్బరి ముక్కల్లా తెల్లగా ఉన్నాయి. కింద రెండు మాత్రం నల్లగా, పలచగా ఉన్నాయి. ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 అనేవి నడుము అడుగున ఉండే ఆ రెండు డిస్కుల పేర్లు. రిపోర్టులో 'డిస్క్ డెసికేషన్' అని ఉంది, అంటే లోపలి నీరు ఇంకిపోయి ఎండిపోవడం. పక్కన గ్రేడ్ 4 అని రాశారు. ఐదుకి నాలుగు అనేసరికి నాకు కాళ్లు చల్లబడ్డాయి. ఆ గ్రేడు డిస్కు ఎంత అరిగిందో చెబుతుందే గానీ మనిషికి ఎంత నొప్పి ఉందో చెప్పదని అప్పుడు నాకు తెలియదు.

స్టెమ్ సెల్స్ అనే మాట మీద నాకు ముందే నమ్మకం ఉంది. దానికి కారణం మా వీధిలో ఒక బాబు. చిన్నప్పుడు సున్నం డబ్బాతో ఆడుకుంటూ కంట్లో పడేసుకున్నాడు. ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో వాడి రెండో కంటి నుంచి మూలకణాలు తీసి పాడైన కంటిలో పెట్టారు. వాడిప్పుడు చదువుకుంటున్నాడు. నా కళ్లతో చూసిన సంగతి అది. కన్ను బాగుపడితే నడుము ఎందుకు బాగుపడదు అనుకున్నాను.

హైటెక్ సిటీ వైపు ఒక క్లినిక్కి వెళ్లాను. పేరు రాయను. మొదట డాక్టరు గారు కాదు, కౌన్సెలర్ అనే అమ్మాయి మాట్లాడింది. చేతిలో ప్లాస్టిక్ వెన్నెముక బొమ్మ. "మీ కణాలే మేడమ్, మీ ఎముకలోంచి తీసి మీకే ఇస్తాం. సైడ్ ఎఫెక్ట్స్ ఉండవు. డిస్కు మళ్లీ పెరుగుతుంది" అని చెప్పింది. రెండు డిస్కులకి కలిపి 1,90,000. ఆ నెలాఖరులోపు కడితే 20,000 తగ్గిస్తామన్నారు. నేను నెలనెలా కడుతున్న చిట్టీ ఒకటి ఉంది, పాప కాలేజీ ఫీజు కోసం వేసుకున్నది. అది ఎత్తేశాను.

ఒక్క సంగతి చెప్పుకోవాలి. నా ఉద్యోగమే అక్షరం అక్షరం చూడటం. పెళ్లికూతురు ఇంటిపేరులో ఒక ఒత్తు పోతే ఐదువందల కార్డులు మళ్లీ వేయాల్సి వస్తుంది కాబట్టి ప్రతి ప్రూఫూ మూడుసార్లు చదువుతాను. అలాంటిదాన్ని, ఆ రోజు కౌంటర్ దగ్గర నిలబడి ఇంగ్లిష్‌లో ఉన్న పదకొండు పేజీల అంగీకార పత్రం మీద ఒక్క పేజీ చదవకుండా సంతకాలు పెట్టాను. దాని జిరాక్సు కాపీని ఇంట్లో ఏడాది తర్వాత చదివాను. మూడో పేజీలో ఒక మాట ఉంది: ఇన్వెస్టిగేషనల్. అంటే ఈ చికిత్స ఇంకా పరిశోధన దశలోనే ఉందని. కౌన్సెలర్ నోట ఆ మాట ఒక్కసారి కూడా రాలేదు.

రెండేళ్ల కిందటి ఆషాఢంలో నాకు ఆ సూది వేశారు. ఉదయం ఎనిమిదికి ఏమీ తినకుండా రమ్మన్నారు. గౌను వేసి, పొట్ట కింద దిండు పెట్టి బల్ల మీద బోర్లా పడుకోబెట్టారు. వెనక తుంటి ఎముక దగ్గర ముందు మత్తు సూది వేశారు. అది మంట పుట్టింది, అంతే. తర్వాత లావు సూది. అది నాకు కనిపించలేదు కానీ, డాక్టరు గారు మణికట్టు తిప్పుతూ ఎముకలోకి నొక్కుతుంటే ఆ బరువు ఒళ్లంతా తెలిసింది. చెక్కకి బర్మా వేస్తున్నట్టు. దాన్ని ఓర్చుకోవచ్చు. మజ్జ పీల్చేటప్పుడు మాత్రం వేరు. మత్తు ఎముక పైపొరకే గాని లోపలికి పట్టదట. తుంటి నుంచి మోకాలి దాకా లోపలి నుంచి ఎవరో దారం లాగుతున్నట్టు ఒక లాగుడు. ఒకచోట కొంచెం, సూది తిప్పి ఇంకోచోట కొంచెం, అలా 60 మిల్లీలీటర్లు తీశారు. తల తిప్పి చూశాను. సిరంజిలో ముదురు ఎరుపు, రక్తం కన్నా చిక్కగా. పైన సన్నని నూనె చుక్కలు తేలుతున్నాయి. నా ఎముకలో నూనె ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది.

దాన్ని పక్కగదిలో మెషీన్లో వేసి తిప్పారు. పావుగంట తర్వాత చిన్న సిరంజీలో కొద్దిగా తెచ్చారు. ఈసారి సీ-ఆర్మ్ ఎక్స్‌రే యంత్రం నా మీదకి జరిపి, అందరూ సీసపు ఆప్రాన్లు వేసుకుని, తెర మీద చూసుకుంటూ డిస్కులోకి సూది దించారు. ఎల్5-ఎస్1 లోకి మందు వెళ్తుంటే నేను గట్టిగా అరిచాను. అది కొత్త నొప్పి కాదు. రోజూ నాతో ఉండే నొప్పే, నాకు బాగా తెలిసిందే, పదింతలై వచ్చింది. ఒక్కో డిస్కులోకి వెళ్లింది రెండు మిల్లీలీటర్ల లోపే. సాయంత్రానికి నడుముకి బెల్టు పెట్టి ఇంటికి పంపించారు.

నాలుగు రోజులు మరీ కష్టంగా గడిచాయి. నొప్పి బిళ్లలు వాడకూడదన్నారు, వాపు తగ్గించే మందులు కణాల పనిని ఆపుతాయని. జ్వరం వస్తుందేమోనని రాత్రిళ్లు నుదురు తాకి చూసుకునేదాన్ని. డిస్కులోకి సూది దించినప్పుడు ఇన్ఫెక్షన్ వస్తే తగ్గడం చాలా కష్టమని ఎక్కడో చదివాను. నాకు రాలేదు.

రెండో నెలకి అరగంట కూర్చోగలిగాను. నాలుగో నెలకి గంట. ఆరో నెల దాటాక ఒక రోజు మెట్రోలో తెలియకుండానే సీట్లో కూర్చున్నాను. మలక్‌పేట దాటాక గుర్తొచ్చింది, నేను కూర్చున్నానని. ఆ సంతోషం ఎలా రాయాలో తెలియదు. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పాను.

ఏడాదికి మళ్లీ ఎమ్మారై తీయించుకున్నాను, పెరిగిన డిస్కు చూసుకోవాలని. రెండు ఫిల్ములూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా లేదు. అవే రెండు, అదే నలుపు. రిపోర్టులో అదే గ్రేడ్ 4. క్లినిక్కి ఫోన్ చేస్తే, నొప్పి తగ్గింది కదా ఎమ్మారైతో పనేముంది అన్నారు. కావాలంటే రెండో డోసు తీసుకోండి, పాత పేషెంట్లకి రేటు తగ్గిస్తామన్నారు.

అప్పుడు భయమేసింది. ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఓపీ చీటీ తీసుకుని ఎముకల డాక్టరు గారికి రెండు ఫిల్ములూ చూపించాను. వెనక అరవైమంది లైన్లో ఉన్నా ఆయన విసుక్కోలేదు. చీటీ వెనక రెండు ఇటుకలూ వాటి మధ్య ఒక బిళ్లా గీసి, "అమ్మా, డిస్కు లోపలికి రక్తనాళాలు వెళ్లవు. పైనా కిందా ఉన్న ఎముక నుంచి ఊరి వచ్చేదే దాని తిండి. వయసుతో ఆ ఊట తగ్గుతుంది, డిస్కు ఎండుతుంది. ఇప్పుడు అక్కడికి కొత్త కణాలు పంపించారు. కరువొచ్చిన ఊరికి చుట్టాల్ని పంపితే ఏం తిని బతుకుతారు?" అన్నారు.

ఆ ఒక్క మాటతో నాకు చాలా అర్థమైంది. మా వీధి బాబు సంగతి అడిగాను. కంటి నల్లగుడ్డు అంచున ఉండే మూలకణాలు పుట్టినప్పటి నుంచీ చేసే పనే ఆ పైపొరను పుట్టించడం, వాటికి పక్కనే రక్తం అందుతుంది, ఆ పని వాటికి కొత్త కాదు అన్నారు. ఎముక మజ్జలో కణాలకి డిస్కులో బతకడం అలవాటు లేదు. పైగా మజ్జలో స్టెమ్ సెల్స్ చాలా తక్కువట, లక్ష కణాల్లో ఒకటి నుంచి పది దాకా. మెషీన్లో తిప్పితే చిక్కబడుతుందే గాని ఆ కణాలు పెరగవు. విదేశాల్లో పరీక్షిస్తున్నవి ల్యాబులో వారాల తరబడి పెంచి, లెక్కపెట్టి ఇచ్చేవి. రెండిటికీ ఒకే పేరు పెట్టి అమ్ముతున్నారని ఆయన బాధ.

"మరి నాకు తగ్గింది కదండీ?" అన్నాను.

ఆయన నన్నే అడిగారు, సూది వేసుకున్న తర్వాత ఇంకేం మారింది అని. చెబుతుంటే నాకే ఒక్కొక్కటి తెలుస్తూ వచ్చింది. సూది వేయించుకున్నది ఆషాఢంలో. ముహూర్తాలు లేవు, ప్రెస్సులో శుభలేఖల పని లేదు, సాయంత్రం ఐదుకే ఇల్లు. నెల తర్వాత ఫిజియోథెరపీ మొదలుపెట్టాను, ఇప్పటికీ రోజూ పొద్దున ఇరవై నిమిషాలు చేస్తాను. మానిటర్ కింద రెండు రీముల పేపరు పెట్టి కంటి ఎత్తుకి లేపాను. నలభై నిమిషాలకోసారి అలారం పెట్టుకుని లేచి బైండింగ్ గది దాకా నడిచి వస్తున్నాను. ఆరు కిలోలు తగ్గాను. ఇవేవీ అంతకుముందు చేయలేదు. లక్షా డెబ్భై వేలు పెట్టిన మనిషి చెప్పినవన్నీ శ్రద్ధగా చేస్తుంది కదా. ఏది దేనివల్ల అయిందో ఇప్పుడు ఎవరు విడదీసి చెప్పగలరు? ఇలాంటి నొప్పి చాలామందికి కాలంతో దానంతటదే తగ్గుముఖం పడుతుందని కూడా ఆయన చెప్పారు.

మా వదిన కూతురు హైదరాబాద్‌లోనే ఫార్మ్-డి అనే మందుల కోర్సు చదువుతోంది. ఆ ఆదివారం మా ఇంటికి పిలిచి, అసలు దీని మీద ఏం పరిశోధన జరిగిందో చదివి చెప్పమన్నాను. ఇద్దరం సాయంత్రం దాకా కూర్చున్నాం. అందులో ఒకటి ఆస్ట్రేలియాకి చెందిన మెసోబ్లాస్ట్ అనే కంపెనీది, మూడో దశ ట్రయల్, అంటే అనుమతికి ముందు ఎక్కువమంది పేషెంట్ల మీద చేసే పరీక్ష. 404 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి దాతల మజ్జ నుంచి పెంచిన కణాలు, ఒక గుంపుకి కణాలతో పాటు హయలురానిక్ యాసిడ్ అనే జిగట పదార్థం, మూడో గుంపుకి ఉత్త సెలైన్, అంటే ఉప్పునీరు. ఎవరికి ఏది పడిందో వాళ్లకి తెలియదు. 2021లో ఫలితాలు చెప్పారు. ముందుగా పెట్టుకున్న లక్ష్యం నెరవేరలేదు. ఒక గుంపులో నొప్పి ఎక్కువ తగ్గిందని చూపించి కంపెనీ ఇంకో ట్రయల్‌కి వెళ్లింది. ఐరోపాలో 114 మందితో చేసిన ఇంకో ట్రయల్ ఫలితాలు 2024లో వచ్చాయి. అక్కడా కణాలు ఇచ్చినవాళ్లకీ, ఇచ్చినట్టు చేసి ఇవ్వనివాళ్లకీ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు.

నన్ను ఆపేసింది ఇంకో మాట. "అత్తా, ఉప్పునీరు పడ్డవాళ్లలో కూడా నొప్పి తగ్గింది చూడు" అంది పిల్ల. ఆ వాక్యం నేను మళ్లీ మళ్లీ చదివించుకున్నాను. ఆ ఉప్పునీటి గుంపులో నాలాంటి ఆడమనిషి ఒకామె ఉండే ఉంటుంది. ఆమె కూడా ఏదో ఒక రైల్లో తెలియకుండానే సీట్లో కూర్చుని ఉంటుంది. సంతోషపడి ఊరంతా చెప్పి ఉంటుంది. ఆమె అబద్ధం చెప్పినట్టు కాదు. నేనూ అబద్ధం చెప్పలేదు. కానీ నా మాట నమ్మి ఒకాయన డబ్బు కట్టారు.

ఎమ్మారై గురించి కూడా పిల్ల చదివి చెప్పింది. నడుము నొప్పి ఏమాత్రం లేనివాళ్లకి తీసిన స్కాన్లన్నీ కలిపి 2015లో ఒక పరిశీలన చేశారు. ఇరవై ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. నలభైల్లో 68 శాతం. నాకు 44. నా ఫిల్ములో ఆ నలుపు చూసి నా కాళ్లు చల్లబడ్డాయే, అదే నలుపు ఎంతమందిలో ఏ నొప్పీ లేకుండా ఉందో.

ఇంకో సంగతి తెలిసింది, ఇది తెలిసి ఉంటే చిట్టీ ఎత్తేదాన్ని కాదు. 2017లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), కేంద్ర ప్రభుత్వ బయోటెక్నాలజీ విభాగం కలిసి తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం, కొన్ని రక్త సంబంధ జబ్బులకి చేసే మజ్జ మార్పిడి లాంటివి తప్ప మిగతా స్టెమ్ సెల్ వాడకమంతా పరిశోధనే. అనుమతి ఉన్న క్లినికల్ ట్రయల్‌లోనే చేయాలి. అందుకు పేషెంటు దగ్గర డబ్బు తీసుకోకూడదు. ట్రయల్ అయితే సీటీఆర్‌ఐ అనే ప్రభుత్వ రిజిస్ట్రీలో దాని నంబరు ఉంటుంది, ఎవరైనా వెతుక్కోవచ్చు. క్లినికల్ ట్రయల్స్ మీద కేంద్రం తెచ్చిన 2019 నిబంధనల ప్రకారం ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం నిర్వహించేవాళ్లే భరించాలి. ఆ తర్వాత మోకాలి కీళ్ల అరుగుదలకి బెంగళూరులో తయారైన ఒక స్టెమ్ సెల్ మందుకి 2022లో అనుమతి వచ్చింది. అది మోకాలికి. వెన్ను డిస్కుకి కాదు. క్లినిక్కులో నాకు చూపించిన పేపర్ కటింగుల్లో మోకాలి వార్త కూడా ఒకటుంది.

నాకు ఈ పరిశోధన మీద కోపం లేదు. డిస్కు మళ్లీ పెరిగే రోజు రావాలని నాకన్నా ఎక్కువ ఎవరు కోరుకుంటారు? ట్రయల్లో చేరే అవకాశం వస్తే, అన్నీ చదివి, ఉప్పునీటి గుంపులో పడినా సరే అని చేరతాను. తేలని దాన్ని తేలినట్టు చెప్పి చిట్టీ డబ్బులు కట్టించుకోవడమే తప్పు.

ఇవన్నీ వదినకి ఎలా చెప్పాలా అని ఆ రాత్రంతా ఆలోచించాను. తెల్లారి ఆమె ముందే క్లినిక్కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. పాత పేషెంటునని చెప్పి, "ఈ చికిత్సకి సీటీఆర్‌ఐ నంబరు ఎంతండీ?" అని అడిగాను. అటువైపు అమ్మాయి, "ఏ నంబరు మేడమ్?" అంది. మళ్లీ చెప్పాను. కాసేపు పాట వినిపించింది. తర్వాత, "డాక్టర్ గారిని కనుక్కుని కాల్ బ్యాక్ చేస్తాం" అంది.

దసరా అయిపోయాక వదినని హైదరాబాద్ తీసుకొచ్చి అదే ప్రభుత్వ డాక్టరు గారికి చూపించాను. పడుకోబెట్టి ఒక్కో కాలూ పైకెత్తి చూశారు, పాదం బొటనవేలు బలం చూశారు. మూత్రం తెలియకుండా పోతోందా, కాళ్ల మధ్య తిమ్మిరి ఉందా అని అడిగారు. అవి ఉంటే ఒక్క రోజు కూడా ఆగకుండా ఆసుపత్రికి రావాలని గట్టిగా చెప్పారు. వదినకి అవేవీ లేవు. మూడు వ్యాయామాలు నేర్పించి, రోజూ నడవమని, ఆరు వారాలకి మళ్లీ రమ్మన్నారు. స్కాను కూడా అప్పుడే రాయలేదు.

వదినకి ఇది పెద్దగా నచ్చలేదు. "గింత దూరమొస్తే సూది గూడ ఎయ్యలే" అంది బస్టాండులో. నేను రోజూ రాత్రి ఎనిమిదికి వీడియో కాల్ చేస్తాను. ఫోను గోడకి ఆనించి, ఇద్దరం చెరో చాప మీద ఆ మూడు వ్యాయామాలూ చేస్తాం. ఇప్పటికి పందొమ్మిది రోజులైంది. మంచం దిగేటప్పుడు గోడ పట్టుకోవడం ఇంకా పోలేదు. గాజులు మాత్రం బీరువాలోనే ఉన్నాయి, చేతికి వేసుకోలేదు. "ఆరు వారాలు గానీ, చూద్దాం" అంటోంది. క్లినిక్ నుంచి ఫోన్ ఇంకా రాలేదు.